లిగ్నోకైన్ ఇంజెక్షన్: డెల్టా ఊళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కోతల్లో కొడవలి, కొబ్బరి ఒలిచే గునపం, రొయ్యల చెరువులో ఏరేటర్ రెక్క, వలలో జెల్ల ముల్లు. అమలాపురం నుంచి ఆకివీడు దాకా ఏ చిన్న ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో కూర్చున్నా ఈ గాయాలు కనిపిస్తూనే ఉంటాయి. కుట్లు వేయాలన్నా, చీము తీయాలన్నా, పన్ను పీకాలన్నా ముందు చేతిలోకి తీసుకునేది, ఇచ్చినచోటు మొద్దుబార్చే మత్తుమందు లిగ్నోకైనే. రోజూ వాడే మందు కాబట్టి దీని మీద భయం లేకుండా పోయింది. భయం అక్కర్లేదు గానీ లెక్క మాత్రం ఉండాలి. కింది ప్రశ్నల్లో కొన్ని రోగులూ వాళ్ల ఇంట్లోవాళ్లూ అడిగేవి, కొన్ని పీహెచ్‌సీల్లో, నర్సింగ్ హోముల్లో పనిచేసే సిస్టర్లూ హౌస్ సర్జన్లూ అడిగేవి. మోతాదులు రాసినచోట అవి వైద్య సిబ్బంది కోసమే.

ఈ మత్తు ఇంజెక్షన్ ఇస్తే నిద్రపోతామా?

నిద్రపోరు. స్పృహ అలాగే ఉంటుంది. నరం గోడలో సోడియం లోపలికి వెళ్లే దారులను ఈ మందు కాసేపు మూసేస్తుంది. దాంతో నొప్పి కబురు మెదడు దాకా చేరదు. చెయ్యి పెట్టినట్టూ, దారం లాగినట్టూ తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. ఈ ఒక్క మాట ముందే చెబితే రోగికి సగం కంగారు పోతుంది. లేకపోతే లాగినప్పుడల్లా "పట్టలేదండీ" అంటారు, మనం అక్కర్లేని మందు ఇంకాస్త ఎక్కిస్తాం.

చర్మం కింద ఇస్తే రెండు నుంచి ఐదు నిమిషాల్లో పట్టుకుంటుంది. ఉత్త లిగ్నోకైన్ సుమారు గంట పనిచేస్తుంది, ఎడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి మత్తును అక్కడే నిలిపి ఉంచే మందు) కలిసినదైతే రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 1943లో స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ దీన్ని తయారుచేశారు, 1948 నుంచి జైలోకైన్ పేరుతో బజారులోకి వచ్చింది. చీటీలో లిగ్నోకైన్ అని ఉన్నా, లిడోకైన్ అని ఉన్నా, జైలోకైన్ అని ఉన్నా మందు ఒకటే.

ఎన్ని సీసీల వరకు ఇవ్వొచ్చు?

సీసీల్లో అడిగితే దీనికి జవాబు లేదు. మిల్లీగ్రాముల్లో అడగాలి, రోగి బరువు తెలుసుకుని అడగాలి. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ జవాబు చదవండి.

2 శాతం అంటే ఒక సీసీలో 20 మిల్లీగ్రాములు. 1 శాతం అంటే 10. శాతం అంకెను పదితో గుణిస్తే సీసీకి ఎన్ని మిల్లీగ్రాములో వచ్చేస్తుంది. కొన్ని వయల్స్ మీద 21.3 అని అచ్చు వేసి ఉంటుంది, లెక్కకు 20 అనుకుంటే సరిపోతుంది. మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికే 30 సీసీల 2 శాతం వయల్‌లో ఉన్నది 600 మిల్లీగ్రాములు. మంచి ఒడ్డూపొడుగూ ఉన్న మనిషికి కూడా అది హద్దు దాటిన మోతాదు. టేబుల్ మీద మామూలుగా కనిపించే ఆ చిన్న సీసా మొత్తం ఒకరికే ఎక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఎడ్రినలిన్ లేనిదైతే కిలోకి 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మొత్తం మీద 300 దాటకూడదు. ఎడ్రినలిన్ కలిసినదైతే కిలోకి 7, మొత్తం 500. బ్రిటన్‌లో ఇంకా గట్టిగా పట్టుకుని ఉత్త లిగ్నోకైన్‌కి కిలోకి 3, మొత్తం 200 అని పాటిస్తారు. ముసలివాళ్లకీ, బక్కపలచని వాళ్లకీ, లివర్ జబ్బు గానీ గుండె నీరసం గానీ ఉన్నవాళ్లకీ ఆ 3 దగ్గరే ఆగడం మంచిదని నా అభిప్రాయం. మందును విరగ్గొట్టేది లివరే. అది సరిగా పనిచేయకపోతే రక్తంలో మందు నిలిచిపోతుంది.

వరి కోతకు వచ్చి కాలు తెగిన 50 కిలోల ఆవిడ ఉన్నారనుకుందాం. 50ని 4.5తో గుణిస్తే 225 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో అది 11 సీసీలు. ఆవిడ ముసలావిడై, కిలోకి 3 చొప్పున లెక్క వేస్తే 150 మిల్లీగ్రాములు, అంటే ఏడున్నర సీసీలు. గాయం పొడుగ్గా ఉండి అది చాలదనిపిస్తే ఎక్కువ ఎక్కించకండి, పలచన చేయండి. 2 శాతం మందు ఎంతుంటే అంత నార్మల్ సెలైన్ కలిపితే 1 శాతం అవుతుంది, అదే 11 సీసీలు 22 అవుతాయి. కుట్లకు 1 శాతం బాగా సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా 2 శాతమే దొరుకుతుంది కాబట్టి అదే కొట్టేస్తున్నాం తప్ప కుట్లకు అంత ఘాటు అవసరం లేదు.

మా మూడేళ్ల బాబుకి నుదురు పగిలింది. చిన్న పిల్లలకి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. కానీ తప్పు జరిగితే ఎక్కువగా పిల్లలకే జరుగుతుంది, ఎందుకంటే పెద్దవాళ్ల చేతి అలవాటు పిల్లల మీదా పనిచేస్తుంది. 12 కిలోల బాబుకి హద్దు 54 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు రెండున్నర సీసీలకు కాస్త పైన. ఐదు సీసీల సిరంజి నింపి పట్టుకుంటే అందులోనే దాదాపు రెట్టింపు మోతాదు ఉన్నట్టు. పిల్లాడిని తూకం వేయకుండా మందు లాగొద్దు. తల్లిదండ్రులు కూడా "బాబు పన్నెండు కిలోలండి" అని అడక్కుండానే చెప్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పన్నులొచ్చే పిల్లల చిగుళ్లకు లిగ్నోకైన్ జెల్ రాయడం మాత్రం వద్దు. మింగిన మందు కూడా రక్తంలోకి వెళ్తుంది, దాంతో ఫిట్స్ వచ్చిన పిల్లలున్నారు.

మందు లాగేముందు, ఎక్కించేటప్పుడు ఏం చూసుకోవాలి?

లేబుల్‌ను గట్టిగా పైకి చదవండి: మందు పేరు, శాతం, ఎడ్రినలిన్ ఉందా లేదా, గడువు తేదీ. పక్కన ఉన్న సిస్టర్ విని అవునంటేనే లాగండి. సిరంజి మీద పేరు రాసిన టేపు అంటించండి. రెండు సిరంజిలు ఒకే ట్రేలో పేరు లేకుండా పడి ఉండటం ఎప్పుడూ ప్రమాదమే. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) మందు అనుకుని, రక్తస్రావం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఆంప్యూల్ వెన్నులోకి ఎక్కించి ప్రాణాలు పోయిన ఉదంతాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఆంప్యూల్స్ చూడ్డానికి ఒకేలా ఉండటమే కారణం.

సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలి. రాకపోయినంత మాత్రాన నిశ్చింత కాదు, సన్న సూదిలోకి రక్తం రాకపోవచ్చు. అందుకే కొద్దికొద్దిగా, మధ్యలో మళ్లీ లాగి చూస్తూ, రోగితో మాట్లాడుతూ ఇవ్వాలి. ఆ మాటలు ఊసుపోకకు కాదు. మాట తడబడితే అందరికంటే ముందు మీకే తెలుస్తుంది.

ఎక్కించేటప్పుడే చాలా మంటగా ఉంటుంది. తగ్గించే మార్గం లేదా?

ఉంది. లిగ్నోకైన్ పుల్లటి ద్రావణం, ఎడ్రినలిన్ కలిసినది ఇంకా పులుపు. పది సీసీలకు ఒక సీసీ సోడియం బైకార్బొనేట్ కలిపి వెంటనే వాడితే మంట బాగా తగ్గుతుంది. కలిపింది దాచిపెట్టకూడదు. బుపివకైన్ అనే ఇంకో మత్తుమందులో మాత్రం ఇలా కలపొద్దు, గడ్డకట్టి విరిగిపోతుంది. సన్న సూది, వీలైతే ఇన్సులిన్ సూది వాడండి. శుభ్రమైన గాయమైతే పక్క చర్మంలో గుచ్చకుండా తెగిన అంచు లోపలి నుంచే గుచ్చండి. అన్నిటికంటే ముఖ్యం, నెమ్మదిగా ఎక్కించండి. బయట పేషెంట్లు వరసలో ఉన్నారని పది సెకన్లలో తోసేస్తే మనిషి బల్ల మీద నుంచి లేచిపోతాడు.

టెస్ట్ డోస్ ఇచ్చాం, ఏమీ కాలేదు. ఇక భయం లేనట్టేనా?

కాదు. డెల్టా ఆసుపత్రుల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. ముంజేతి మీద చుక్క మందు ఇచ్చి, పదిహేను నిమిషాలు చూసి, కేస్ షీట్‌లో రాసేసి, ఆ తర్వాత ధైర్యంగా 25 సీసీలు ఎక్కించేయడం. ఆ చుక్క చూపించగలిగితే అలర్జీని చూపించాలి, అదీ నమ్మకంగా చూపించదు. లిగ్నోకైన్‌కి నిజమైన అలర్జీ చాలా అరుదు. జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం మోతాదు మించడం వల్లో, మందు నేరుగా రక్తనాళంలోకి పోవడం వల్లో జరుగుతాయి. టెస్ట్ డోస్ ఆ రెండింటినీ ఆపలేదు.

గతంలో ఎలాంటి తేడా రాని మనిషికి రొటీన్‌గా టెస్ట్ డోస్ అవసరం లేదన్నదే నా మాట. మీ ఆసుపత్రి నియమం ఉంటే చేయండి. కానీ చేసిన తర్వాత కూడా బరువు, మిల్లీగ్రాములు లెక్క వేయండి.

మా ఆవిడకి పన్ను తీసినప్పుడు గుండె దడదడలాడి కళ్లు తిరిగాయి. మత్తు పడదని రాసిచ్చారు. మళ్లీ ఇవ్వకూడదా?

ఆ రోజు ఏం జరిగిందో వివరంగా అడిగి తెలుసుకోవాలి. డెంటల్ మందులో ఎడ్రినలిన్ ఉంటుంది, అది కాస్త రక్తంలోకి పోయినా గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, నిమిషాల్లో సర్దుకుంటాయి. సూది చూడగానే చెమటలు పట్టి, నాడి నెమ్మదించి, పడిపోయారంటే అది భయంతో వచ్చిన సొమ్మ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే తేరుకుంటారు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, కళ్లు ఉబ్బడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం ఉంటే అప్పుడు అలర్జీని అనుమానించాలి. అప్పుడు కూడా కారణం లిగ్నోకైన్ కాకుండా, వయల్‌లో నిల్వ కోసం కలిపే మిథైల్ పారాబెన్ గానీ, ఎడ్రినలిన్ చెడకుండా కలిపే సల్ఫైట్ గానీ, ఆ రోజు వేసుకున్న యాంటీబయాటిక్ గానీ, తొడుక్కున్న రబ్బరు గ్లవుజులు గానీ కావొచ్చు. అలాంటివాళ్లను అలర్జీ పరీక్షలు చేసే పెద్దాసుపత్రికి పంపి తేల్చుకోవాలి. తేల్చకుండా "మత్తు పడదు" అని ఒక ముద్ర వేసేస్తే, ఆ మనిషి జీవితాంతం ప్రతి చిన్న కుట్టుకీ పూర్తి మత్తు తీసుకోవాల్సి వస్తుంది. అది ఇంతకంటే పెద్ద ప్రమాదం.

మందు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి?

నోటి చుట్టూ, నాలుక మీద తిమ్మిరి. నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి. చెవుల్లో గింగురుమనడం. కళ్లు మసకబారడం, మాట ముద్దగా రావడం, అకారణంగా గాభరా. తర్వాత కండరాలు అదరడం, ఫిట్స్, స్పృహ తప్పడం, ఆపైన గుండె లయ తప్పి ఆగిపోవడం. అన్నీ ఈ వరసలోనే రావాలని లేదు, నేరుగా ఫిట్స్‌తోనే మొదలు కావొచ్చు. మామూలుగా నిమిషాల్లో వస్తాయి, కానీ అరగంట దాటాక వచ్చినవీ ఉన్నాయి. అందుకే ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లను కనీసం అరగంట కళ్లముందే కూర్చోబెట్టండి. "బస్సు వెళ్లిపోతుందండీ" అంటారు. తర్వాతి బస్సుకి పంపండి.

పై లక్షణాల్లో ఏది కనిపించినా సూది వెంటనే ఆపేయాలి. మనుషుల్ని పిలవాలి. శ్వాసదారి తెరిచి ఉంచి పూర్తి ఆక్సిజన్ ఇవ్వాలి, ఊపిరి చాలకపోతే ఆంబూ బ్యాగ్‌తో అందించాలి. ఆక్సిజన్ తగ్గి, రక్తంలో ఆమ్లం పెరిగితే మందు విషం రెట్టింపవుతుంది, కాబట్టి అన్నిటికంటే ముందు ఊపిరే. ఫిట్స్‌కి మిడజోలం. తర్వాత 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (రక్తంలోకి ఎక్కించే తెల్లటి కొవ్వు ద్రావణం): కిలోకి ఒకటిన్నర మిల్లీలీటర్లు రెండు మూడు నిమిషాల్లో, ఆపైన నిమిషానికి కిలోకి 0.25 చొప్పున. 50 కిలోల మనిషికి ముందు 75, తర్వాత నిమిషానికి పన్నెండున్నర, మొత్తం మీద కిలోకి 12 మిల్లీలీటర్లు దాటకూడదు. గుండె ఆగితే సీపీఆర్ మొదలుపెట్టి చాలాసేపు వదలకుండా చేయాలి, ఈ విషంలో గంట తర్వాత తేరుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఎడ్రినలిన్ చిన్న చిన్న మోతాదుల్లోనే, కిలోకి 1 మైక్రోగ్రాముకి మించకుండా. గుండె లయకు మళ్లీ లిగ్నోకైన్ ఇవ్వకూడదు. తెల్లగా ఉంటుంది కదా అని నిద్రమత్తు మందు ప్రొపొఫాల్‌ను లిపిడ్‌కి బదులుగా వాడకూడదు.

నరాల బ్లాకులు (నరం పక్కన మందిచ్చి ఆ భాగమంతా మొద్దుబార్చడం), స్పైనల్స్ చేసే ప్రతి థియేటర్‌లో ఆ లిపిడ్ బాటిల్ ఉండాలి, ఎక్కడుందో అందరికీ తెలియాలి, గడువు దాటకుండా చూడాలి. లేనిచోట పెద్ద బ్లాకు పెట్టుకోకండి. లంక గ్రామాల నుంచి వచ్చేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరద పొంగితే పడవ కదలడమే కష్టం, ఇక ఏటికి అవతల ఉన్న మనిషిని 108 బండి ఎక్కించడం ఎలా? పెద్ద చికిత్స అవసరమైతే ఆక్సిజన్, మానిటర్, మత్తు డాక్టర్ ఉన్న ఊరికి ముందే పంపాలి.

వేళ్లకు ఎడ్రినలిన్ కలిసిన మందు ఇవ్వకూడదంటారు, నిజమేనా?

ఒకప్పుడు ఖచ్చితంగా ఇవ్వకూడదనేవారు. ఇప్పుడు చేతి సర్జన్లు పలచటి ఎడ్రినలిన్‌తో వేళ్ల ఆపరేషన్లు మామూలుగానే చేస్తున్నారు, రక్త ప్రసారం ఆగితే విరుగుడుగా ఫెంటోలమైన్ అనే మందు ఉంది. అయితే డ్రెస్సింగ్ గదిలో ఆ విరుగుడు ఉండదు, వచ్చిన మనిషికి షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, రోజుకు ఎన్ని చుట్టలు కాలుస్తారో తెలియదు. అలాంటిచోట వేళ్లకు ఉత్త లిగ్నోకైనే వాడండి. వేలి మొదట్లో రెండు పక్కలా ఒకటీ ఒకటిన్నర సీసీ చాలు.

గోరుచుట్టు చీము తీస్తుంటే మత్తు అస్సలు పట్టలేదు. మందు నకిలీదా?

మందు మంచిదే అయ్యుంటుంది. చీము పట్టినచోట కణజాలం పుల్లగా మారుతుంది. లిగ్నోకైన్ నరంలోకి దూరాలంటే విద్యుదావేశం లేని రూపంలో ఉండాలి, పులుపు పెరిగినకొద్దీ ఆ రూపం తగ్గిపోతుంది. వాపు వల్ల రక్త ప్రసారం ఎక్కువై, ఉన్న కాస్త మందూ కొట్టుకుపోతుంది. చీము పక్కనే ఇంకో రెండు సీసీలు గుచ్చితే రోగికి బాధ పెరగడం, ఇన్‌ఫెక్షన్ పాకడం తప్ప ఫలితం ఉండదు. దూరంగా, చీము లేనిచోట, వేలి మొదట్లో బ్లాక్ ఇవ్వండి. ఇచ్చి ఐదు నిమిషాలు గడియారం చూసుకుని ఆగండి, పది అయినా పర్వాలేదు. చాలాసార్లు మందు పట్టకపోవడానికి అసలు కారణం మనం ఆగకపోవడమే.

నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి, స్టెంట్ వేశారు. పన్ను తీయించవచ్చా?

తీయించవచ్చు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. డెంటల్ మందులో ఎడ్రినలిన్ 1:80000 అయితే సీసీకి 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు మొత్తం 40 మైక్రోగ్రాములు దాటకుండా చూస్తారు, అంటే మూడు సీసీల దగ్గర ఆగాలి. ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకు ఎడ్రినలిన్‌తో బీపీ ఒక్కసారిగా పెరగవచ్చు, కాబట్టి ఆ సంగతి డెంటిస్టు గారికి తప్పకుండా చెప్పాలి. స్టెంట్ కోసం వాడే రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపకండి, గుండె డాక్టర్ని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు టిఫిన్ చేసే వెళ్లాలి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు?

అవసరమైనప్పుడు ఇవ్వొచ్చు. తల్లి పాలు ఆపాల్సిన పని లేదు.

ఇంజెక్షన్‌కి ఖాళీ కడుపుతో రావాలా?

చిన్న కుట్లకు, పన్నుకు అక్కర్లేదు. ఖాళీ కడుపుతో తెల్లారి బస్సెక్కి వచ్చినవాళ్లే ఎక్కువగా కళ్లు తిరిగి పడిపోతారు. స్పైనల్ గానీ నిద్రమత్తు గానీ ఉంటే మాత్రం డాక్టర్ చెప్పిన ప్రకారం పస్తుండాలి.

బుపివకైన్ కూడా ఇలాంటిదేనా?

అదే కుటుంబం, కానీ గుండె మీద చాలా కఠినం. చాలా గంటలు పనిచేస్తుంది, హద్దు కిలోకి 2 మిల్లీగ్రాములు అనుకోండి. దానివల్ల గుండె ఆగితే తిరిగి తేవడం కష్టం. చేతికి కట్టు బిగించి రక్తనాళంలోకి ఎక్కించే బియర్స్ బ్లాక్‌కి దాన్ని ఎప్పుడూ వాడకూడదు. రెండూ కలిపి ఇస్తే రెండింటి విషమూ కలుస్తుంది, ఒక్కోదానికి విడివిడిగా పూర్తి హద్దు ఉందనుకోవద్దు.

కాన్పు ఆపరేషన్‌కి నడుములో ఇచ్చిన మత్తు సూది వల్లే నాకు ఇన్నేళ్లుగా నడుం నొప్పి అంటున్నారు.

గుచ్చినచోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి ఆ సూది కారణం కాదని అధ్యయనాలు చెబుతున్నాయి. మోకాళ్ల మీదికి వంగి పాలివ్వడం, కాన్పు తర్వాత పొట్ట కండరాలు వదులవడం, బరువు పెరగడం లాంటివి చూడాలి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో వస్తే అది స్పైనల్ తలనొప్పి, ఆసుపత్రికి చెప్పాలి. వయల్స్‌లో వచ్చే, నిల్వ మందు కలిసిన లిగ్నోకైన్‌ను వెన్నులోకి వాడకూడదని సిబ్బంది గుర్తుంచుకోవాలి.

ఒకే వయల్ పదిమందికి వాడొచ్చా?

పదిమందికి వాడటానికే తయారైన వయల్ అయితే వాడొచ్చు, ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి ఉంటేనే. రబ్బరు బిరడాలో ఒక సూది గుచ్చి అలాగే వదిలేసి, ఎవరొచ్చినా దానికి సిరంజి తగిలించి లాగడం చాలాచోట్ల చూస్తాం. ఆ సూది రంధ్రంలోంచి గాలీ క్రిములూ రోజంతా లోపలికి పోతుంటాయి. ఒకరికి వాడిన సిరంజితోనే మళ్లీ వయల్‌లోంచి లాగితే, సూది మార్చినా సరే, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ మందులోకి చేరవచ్చు. బిరడాను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాక గుచ్చి, లాగి, సూది తీసేయండి. తెరిచిన తేదీ వయల్ మీద రాయండి, 28 రోజులు దాటితే పారేయండి. రంగు మారినా, నలుసులున్నా అప్పుడే పారేయండి. ఎడ్రినలిన్ కలిసినవాటికి వెలుతురు, వేడి పడవు. మే నెల ఉక్కలో కిటికీ పక్క ట్రేలో పెట్టకుండా లేబుల్ చెప్పిన చోట దాచండి.

చెరువులో జెల్ల ముల్లు గుచ్చుకుంది. తేలు కుట్టింది. పాము కరిచింది. వీటికి ఇది ఇవ్వొచ్చా?

జెల్ల ముల్లుకు ముందు ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టండి, నొప్పి చాలావరకు దిగుతుంది. ముల్లు ముక్క లోపల ఉండిపోతే లిగ్నోకైన్ ఇచ్చి తీయాలి, టెటనస్ సూది చూసుకోవాలి. తేలు కుట్టినచోట లిగ్నోకైన్ నొప్పిని తగ్గిస్తుంది. కానీ చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం ఉంటే నొప్పి తగ్గింది కదా అని ఇంటికి పోకూడదు, విషం గుండె మీద పనిచేస్తున్నట్టు. పాము కాటు పడినచోట ఏ సూదీ గుచ్చవద్దు, కోయవద్దు. కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మా ఊరి ఆర్‌ఎంపీ గారు మంచివారు, కుట్లు వేస్తారు. వేయించుకోవచ్చా?

అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది ఆయనే, ఆ మాట కాదనను. కానీ రిజిస్ట్రేషన్ లేనివారు ఈ ఇంజెక్షన్ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు, ఫిట్స్ వస్తే ఆయన దగ్గర ఆక్సిజన్ ఉండదు. గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, కట్టు కట్టి ఆసుపత్రికి పంపితే ఆయన చేయగలిగిన మేలంతా చేసినట్టే.

ఇంటికొచ్చాక జాగ్రత్తలు?

తిమ్మిరి పోయేదాకా వేడి కాఫీ తాగకండి, పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూడండి. మొద్దుబారిన చేత్తో పొయ్యి దగ్గర పని వద్దు. ఒక రోజు దాటినా తిమ్మిరి వదలకపోతే చూపించుకోండి.

మందు వల్ల తేడా చేసిందనిపిస్తే ఎవరికి చెప్పాలి?

ముందు ఇచ్చిన డాక్టర్‌కి. తర్వాత జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం వారి టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కి. రోగులూ చెప్పొచ్చు, సిబ్బందీ చెప్పొచ్చు. వయల్ పారేయకుండా పక్కన పెట్టి, బ్యాచ్ నంబరు, ఇచ్చిన మోతాదు మిల్లీగ్రాముల్లో, ఇచ్చిన సమయం, లక్షణం కనిపించిన సమయం రాసుకుని ఫోన్ చేయండి.